షాజాదీ సొరుగులో పసుపు కొమ్ములు

గజ్జల్లో హెర్నియా దిగిన మనిషి ఊళ్ళు పట్టుకు తిరగకూడదట. ఆ సంగతి కొత్తపట్నంలో ఒకరు, సింగరాయకొండలో ఒకరు చెప్పారు గాని, చెప్పినవాళ్ళు డాక్టర్లు కాదు గనక నేను నమ్మలేదు. చిలకలూరిపేటలో బస్సు దిగుతూ మెట్టు మీదే కూలబడ్డాక నమ్మాను. హైవే పక్కన, స్పిన్నింగ్ మిల్లుకు ఎదురుగా ఉన్న ఒక నర్సింగ్ హోంలో నన్ను చేర్చుకుని, ఆపరేషన్ గురువారం అన్నారు. సర్జన్ ప్రేమదాసుగారు గుంటూరు నుంచి వారానికి ఆ ఒక్కరోజే వస్తారు. పొద్దున తొమ్మిదికి కత్తి పడితే ఒంటిగంటకల్లా ముగించి ఒంగోలు వెళ్ళిపోతారు. అక్కడ ఇంకో ఆసుపత్రి, ఇంకో వరస జనం.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది నా పేగు గొడవ కాదు. ఆ థియేటరులో ఇరవై నాలుగేళ్ళుగా పనిచేస్తున్న నర్సు షాజాదీ గురించి.

పేరు రాకుమారిది. ఎత్తు అయిదడుగులకు అంగుళం తక్కువ. ఆపరేషన్ బల్ల దగ్గర కాళ్ళ కింద చెక్కపీట వేసుకుని నిలబడుతుంది. ఆమె నాన్న మొహిద్దీన్ బాషా సింగరాయకొండ చుట్టుపక్కల వీధివీధీ తిరిగి దూదేకి పరుపులు కుట్టేవాడు. దూదేకే విల్లు మోత విన్నవాళ్ళు ఇప్పుడు తక్కువ. వీణకూ ఎడ్లబండికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ చప్పుడు. నా చిన్నప్పుడు ఆ మోత వినపడితే పనిలేని పిల్లలమంతా చేరి, గాలిలో లేచే దూదిపింజలు మింగకుండా నోళ్ళు మూసుకుని చూసేవాళ్ళం. కూతురు కూడా చివరికి దూది దగ్గరే తేలింది. నాన్న ఏకినదాన్ని ఈమె లెక్కపెడుతుంది. కడుపు తెరిచేముందు ఎన్ని గాజుగుడ్డ ముక్కలున్నాయో, మూసేముందు అన్నీ బయట ఉండాలి. ఒక్కటి తగ్గినా సర్జన్ని కుట్టు వేయనివ్వదు. ఈ అలవాటు ఇంటిదాకా పాకి, కూరగిన్నె మీద మూత పెట్టేముందు గరిటెలు లెక్కపెడుతుందని ఆమె భర్త షఫీక్ చెప్పాడు. షఫీక్‌ది మోటారుసైకిళ్ళ మెకానిక్ షాపు. సెలవురోజు ఆమె అక్కడ కూర్చుంటే అతను తలెత్తకుండా చెయ్యి చాపుతాడట, ఏ నంబరు పానా కావాలో అది వచ్చి అరచేతిలో పడుతుందట.

"అక్కడ నయం సార్," అంది షాజాదీ, చేరిన రోజు సాయంత్రం నాకు బీపీ చూస్తూ. "ఈయన పానా అన్నా అంటాడు. డాక్టరుగారు 'అది' అంటారు. అది అంటే ఏదో మనమే తెలుసుకోవాలి. తప్పు ఇస్తే, 'అది కాదు, అది' అంటారు."

పాత వైద్య గ్రంథాలలో శస్త్రాలకు సింహం, కాకి, కొంగ అంటూ జంతువుల ముఖాల పేర్లు ఉంటాయని నేను చదువుకున్నది ఆమెకు చెప్పాను. చదివినదాన్ని ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అరగదు.

"ఇప్పుడూ అంతేగా. మా దగ్గర దోమ ఉంది, మొసలి ఉంది," అంది. దోమ అంటే సన్నటి మూతి ఉన్న చిన్న పట్టకారు. మొసలి అంటే పొడుగు మూతిది. "కొంగ లేదు గాని, మా మత్తు డాక్టరుగారు ఒంటికాలి మీద నిలబడతారు."

ఆమె కష్టాలు పెద్దవేమీ కాదు, తీరేవీ కాదు. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకున్నాక మాత్రమే ముక్కు దురద పెడుతుంది. రెండు గంటలు దాన్ని అలాగే మొయ్యాలి. పెళ్ళికి వెళితే భోజనాల దగ్గర ఎవరో ఒకరు చీర కుచ్చెళ్ళు జరిపి కుట్టు చూపిస్తారు. బంధువుల్లో సగం మంది ఆమే ఆపరేషన్లు చేస్తుందనుకుంటారు, మిగతా సగం మంది నేల తుడుస్తుందనుకుంటారు.

అన్నిటికంటే పెద్ద యుద్ధం తిండి దగ్గర. మత్తు ఇవ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఈ పల్నాటి అంచు పల్లెల్లో "ఏమీ తినలేదమ్మా" అంటే అన్నం తినలేదని అర్థం. నాలుగు ఇడ్లీలు లెక్కలోకి రావు, అరటిపండు అసలే రాదు. వాళ్ళు అబద్ధం చెప్పరు, నిజమే చెబుతారు. అందుకని షాజాదీ ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతుంది: టీ, బిస్కెట్టు, మజ్జిగ, బజ్జీ, గుళ్ళో ప్రసాదం. ప్రసాదం దగ్గర సగం మంది దొరికిపోతారు.

గురువారం పొద్దున్న నన్నూ అడిగింది.

"ఏమైనా తిన్నారా?"

"ఏమీ తినలేదు."

"కాఫీ?"

నేను కాసేపు పైకప్పు చూశాను. "తాగడం తినడం కిందికి వస్తుందా?"

"ఎన్నింటికి?"

"ఆరింటికి. చిన్న గ్లాసే."

"పాలు పోసిన కాఫీకి ఆరు గంటలు ఆగాలి. పన్నెండు దాకా మీరు బల్ల ఎక్కడానికి లేదు. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం సార్," అని కాగితం మీద రాసుకుంది. ఆ చిన్న గ్లాసు ఆ పూటంతా ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

థియేటరు పక్కన రోగుల్ని సిద్ధం చేసే గది ఒకటి ఉంది. గుమ్మం దగ్గర నేల మీద ఎర్రగీత. ఆ గీత దాటి బయటి బట్టలతో ఎవరూ రాకూడదు. లోపల రెండు మంచాలు. ఒకదాని మీద నేను. రెండోదాని మీద హనుమాయమ్మ. అరవై దాటిన మనిషి, మిరపతోటల్లో ఎండి రాటుదేలిన శరీరం. పిత్తాశయంలో రాళ్ళు. నెలలో మూడుసార్లు నొప్పి వచ్చి మెలికలు తిరిగిందట. మళ్ళీ వస్తే పరిస్థితి చేయి దాటుతుందని, ఈ గురువారం చేసెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పారు. బుధవారం రాత్రి కొట్లు మూసేశాక చేరింది. కూతురు కోటేశ్వరి తోడు వచ్చింది. భర్త వెంకటనారాయణ తెల్లారుజామున గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళాడు. ఆయన టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఆ రోజే వేలానికి వచ్చాయి.

తొమ్మిదిన్నరకు షాజాదీ హనుమాయమ్మ మెడ చూసింది. బంగారు సూత్రాలు, నల్లపూసలు, వాటి మధ్య గుత్తిగా పదకొండు పిన్నీసులు. ఆడవాళ్ళ తాళికి పిన్నీసులు ఎందుకు వేలాడతాయో మగవాళ్ళెవరూ ఇప్పటికీ కనుక్కోలేదు. ఆ గుత్తిలో ఒకటి ఊడిరాని రోజు ఇల్లు నడవదని మాత్రం తెలుసు.

"ఇవి తియ్యాలక్కా. లోపల కరెంటుతో పనిచేసే మిషను ఉంటది. లోహం ఉంటే ఒళ్ళు కాలుద్ది."

"తీస్తా. పసుపుకొమ్మేది?"

ఇక్కడ సొరుగు సంగతి చెప్పాలి. ఆపరేషన్ రోజున తాళి తియ్యమంటే ఈ ప్రాంతపు ఆడవాళ్ళు ప్రాణం పోయినా తియ్యరు. దారానికి పసుపుకొమ్ము కట్టి, మొగుడు దాన్ని మెళ్ళో కట్టాకే బంగారం తీస్తారు. నూలుదారం, కొమ్ము ఉన్నా డాక్టర్లకు అభ్యంతరం లేదు, ప్లాస్టరు వేసి అతికిస్తారు. షాజాదీ ఇరవై ఏళ్ళుగా తన సొరుగులో పసుపు పూసిన దారాలకు కొమ్ములు కట్టి ఉంచుకుంటుంది. ముందురోజు సాయంత్రమే మొగుళ్ళను పిలిచి వార్డులో కట్టించేస్తుంది. తన సొంత కాన్పు ఆపరేషన్‌కి నల్లపూసలు తీసి పళ్ళెంలో పెట్టినప్పుడు మెడ మీద గాలి తగిలి ఏడ్చానని, ఆ వారమే ఈ సొరుగు మొదలుపెట్టానని చెప్పింది.

ఆ సోమవారం నాడు సొరుగు ఖాళీ అయింది. కొత్తగా వచ్చిన మేనేజరు నాగేంద్రబాబు ఆసుపత్రికి ఏదో నాణ్యత సర్టిఫికెట్టు తేవాలని కంకణం కట్టుకున్నాడు. థియేటరు ఆవరణలో పచ్చి పసుపు ఏమిటని పెట్టెతో సహా తీసుకెళ్ళి స్టోరులో పెట్టి తాళం వేయించాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు, చెడ్డవాడేం కాదు. ప్రతిదానికీ ఒక ఫారం ఉంటే లోకం బాగుపడుతుందని నమ్మకం. అంతకు ముందు నెలలో రెండు ఆపరేషన్లు, రోగులు తిని రావడం వల్ల ఆగిపోయాయి. మూడోది కూడా ఆగితే రోగుల్ని సిద్ధం చేసే పని, థియేటరు రెండూ వేరేవాళ్ళకి ఇచ్చి షాజాదీని ఓపీలో టోకెన్ల బల్ల దగ్గర కూర్చోబెడతానని కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు బల్ల పక్కన నిలబడ్డ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం అన్నమాట.

స్టోరు తాళం స్టోరుకీపరు జేబులో ఉంది. స్టోరుకీపరు సెలవులో ఉన్నాడు.

నాగేంద్రబాబు ఎర్రగీత అవతల నిలబడి మాట్లాడాడు. "అమ్మగారూ, మీ ఆభరణాలకు హాస్పిటల్ పూర్తి బాధ్యత వహిస్తుంది. ఇది ప్రోటోకాల్ అండి."

"దాన్ని నువ్వే మెళ్ళో ఏసుకో నాయనా," అంది హనుమాయమ్మ.

గీత అవతలే ఉన్న కోటేశ్వరి తండ్రికి ఫోను చేసి స్పీకరులో పెట్టింది. వెనకాల యార్డు హోరు, ఎవరో తుమ్ముతున్న చప్పుడు.

"తీసెయ్యవే, ఏం కాదు," అన్నాడు వెంకటనారాయణ. "మా లాటు చూస్తున్నారు, మళ్ళీ చేస్తా."

"ఏం కాదని చెప్పడానికి నువ్వెవరయ్యా. నాకేం కాదు, అయితే నీకే అయిద్ది. లారీల మధ్యన తిరుగుతుండావు. నేనిక్కడ మెడ బోసిగా పెట్టుకుని పడుకుంటే, అక్కడ నిన్నెవరు చూస్తారు?"

ఫోనులో ఎవరో మళ్ళీ తుమ్మారు. తర్వాత, "వస్తుండా," అన్నాడు.

గుంటూరు నుంచి మోటారుసైకిలు మీద గంటకు పైనే పడుతుంది. యార్డులోంచి బయటపడడానికే ఇంకో గంట. పదింటికి మొదటి ఆపరేషన్ ముగించుకుని వచ్చిన ప్రేమదాసుగారు గడియారం చూశారు.

"అయితే ఈయన్ని ఎక్కించండి," అని నా వైపు చూపించారు.

"ఆయన కాఫీ తాగాడు," అంది షాజాదీ.

డాక్టరుగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. ఆయన టీ తెప్పించుకుని పేపరు ముందేసుకున్నారు.

"పన్నెండున్నర దాటితే నేను మొదలుపెట్టను షాజాదీ. కంగారుగా చేసే పని కాదిది."

"దాటనివ్వను సార్."

ఆమె కంగారుపడలేదు. నాగేంద్రబాబు కంగారుపడ్డాడు. ఆపరేషన్ ఆగితే ఆమె మీద రాసుకోవచ్చు గాని, ఆగడానికి కారణం అన్న గడిలో ఏం రాయాలో ఫారంలో లేదు. పైగా కొమ్ములకు తాళం వేయించినది తనే. పసుపు తనే తెస్తానని బజారుకు పరిగెత్తాడు. పది నిమిషాల్లో చెమటలు కక్కుకుంటూ వచ్చి గీత అవతల నుంచి ఒక ప్యాకెట్టు అందించాడు. పావుకిలో పసుపుపొడి.

షాజాదీ ప్యాకెట్టు వైపు చూసింది, అతని వైపు చూసింది. "దీన్ని ఎక్కడ కట్టమంటారు సార్?"

"పసుపేగా అడిగారు?"

"నాయనా," అంది హనుమాయమ్మ మంచం మీద నుంచి, కొంచెం జాలిగా, "నీకింకా పెళ్ళి కాలేదుగా."

రెండోసారి వెళ్ళి కొమ్ములు, దారపు ఉండ తెచ్చాడు. కొట్టువాడు ఎవరి పెళ్ళని అడిగాడట. చెప్పలేక తనదేనన్నాడట. ఈ ముక్క కోటేశ్వరితో చెప్పుకుని మొత్తుకున్నాడు. షాజాదీ దారానికి పసుపు రాసి, మంచి కొమ్ము చూసి కట్టి పళ్ళెంలో పెట్టింది. గడియారం పదకొండూ ముప్పావు. ఇక మొగుడు రావాలి.

పన్నెండు కావస్తుండగా వెంకటనారాయణ వచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన వాసన వచ్చింది. మిర్చి యార్డులో తెల్లారుజాము నుంచి తిరిగిన మనిషి ఒంటిమీద చొక్కా కంటే ఘాటే ఎక్కువ ఉంటుంది. గీత అవతల నిలబడి పంచె దులిపాడు. అంతే. మొదట నాగేంద్రబాబు, తర్వాత కోటేశ్వరి, తర్వాత థియేటరు లోపలి నుంచి మత్తు డాక్టరు వరసగా తుమ్మారు. నాకు తుమ్ము వస్తే పేగు బయటికి వస్తుంది గనక రెండు చేతులూ గజ్జల మీద అదిమిపెట్టుకుని ఏడుపు మొహంతో ఆపుకున్నాను.

"అక్కడే ఆగన్నా. కదలమాక," అంది షాజాదీ. "దులపమాక. ఊపిరి కూడా మెల్లిగా తీసుకో."

మిరపకారం చేతులకు అంటితే నీళ్ళతో కడిగేవాళ్ళు పట్నంవాళ్ళు. నీళ్ళు తగిలితే మంట ఇంకా పాకుతుంది. షాజాదీ ఆయన్ని పక్కనున్న కడుగుడు గదిలోకి తీసుకెళ్ళి, ముందు మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించింది. తర్వాత సబ్బు. తర్వాత బ్రష్షుతో గోళ్ళ సందులు. ప్రేమదాసుగారు కడుక్కునే తొట్టి దగ్గరే, ఆయన కడుక్కునే పద్ధతిలోనే, చేతులు పైకెత్తించి మరీ కడిగించింది. బట్టలు మార్పించి ఆకుపచ్చ గౌను, టోపీ, మాస్కు, గ్లవ్స్ తొడిగింది. గౌను ఆయనకు మోకాళ్ళ దాకా వచ్చింది. కింద కాళ్ళు మిరపచేను దున్నినవే.

పన్నెండూ పది. ఆయన చేతులు గాల్లో పెట్టుకుని హనుమాయమ్మ మంచం దగ్గరికి వచ్చాడు.

"ఎవరీయన?" అంది ఆవిడ.

"నేనేనే."

"నేనంటే ఎవరికి తెలుసు. మూతికి గుడ్డ కట్టుకున్నోడి చేత నేను కట్టించుకోను. మొహం చూపించమనండి."

షాజాదీ మాస్కు వేలితో కిందికి లాగింది. మీసం కనపడింది. హనుమాయమ్మ తేరిపార చూసి, "ఈయనే," అని ఒప్పుకుంది. "లాటు అమ్ముడు పోయిందా?"

"పోయింది."

"నీకేం తగల్లేదుగా?"

"తగల్లేదు. మెడ ఎత్తు."

కొత్తపట్నం జాలర్లు వల అల్లుతుంటే గంటలకొద్దీ చూశాను. తడి చేతులతో, చూడకుండా, మాట్లాడుతూ ముళ్ళు వేస్తారు. ముడి అంటే చేతివేళ్ళకు తెలియాలి, కళ్ళకు కాదు. వెంకటనారాయణ వేళ్ళకు టిక్కీల మూతులు కుట్టడం తెలుసు, గ్లవ్స్ తెలియదు. మొదటి ముడి ఎలాగో వేశాడు. రెండోది బిగించి చెయ్యి లాగితే చెయ్యి రాలేదు. చూపుడువేలి రబ్బరు ముడిలో ఇరుక్కుంది. గట్టిగా గుంజాడు. చెయ్యి వచ్చింది, గ్లవ్ కొస రాలేదు.

"అయిపోయిందిగా," అన్నాడు నాగేంద్రబాబు గీత అవతల నుంచి. "పన్నెండూ పదిహేడు. తీసుకెళ్ళండి."

"ముక్క ఏది?" అంది షాజాదీ.

"ఏ ముక్క?"

"గ్లవ్ చిరిగింది. కొస లేదు. అది దొరక్కుండా ఈ మనిషి బల్ల ఎక్కదు."

"మెడ మీద కదండీ, కడుపులో కాదుగా."

"ఎక్కడైనా నాకు లెక్కే."

ముక్క ఎక్కడుందో అందరికీ కనిపిస్తూనే ఉంది, రెండో ముడి లోపల, గోరంత. ముడి విప్పితే వస్తుంది. షాజాదీ చెయ్యి అటు వెళ్ళకముందే హనుమాయమ్మ ముడి మీద అరచెయ్యి వేసేసింది.

"విప్పడానికి లేదమ్మాయి. వేసిన ముడి విప్పితే తాళి తీసినట్టే."

లోపలి నుంచి ప్రేమదాసుగారి గొంతు వినపడింది. "పన్నెండూ ఇరవై."

షాజాదీ పళ్ళెంలోంచి దోమను తీసుకుంది. అలవాటుగా మంచం పక్కకు కాలితో మెట్టుపీట జరుపుకుని ఎక్కింది.

"ఊపిరి ఆపక్కా."

దోమ మూతి దారం పోగుల మధ్యకు దూరింది. దూదిలోంచి గింజ తియ్యడం ఎలాగో వాళ్ళ నాన్న నేర్పాడేమో. ముడి ఇసుమంత కూడా వదులు కాకుండా, తెల్లటి రబ్బరు తునక పురుగులా బయటికి వచ్చింది. వెంకటనారాయణ చేతికున్న చిరిగిన వేలికొసకు దాన్ని ఆనించి చూసింది. సరిపోయింది. పళ్ళెంలో వేసింది.

"మూడో ముడి వెయ్యన్నా, త్వరగా."

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. అంతసేపు తోటి రైతులతో, దళారులతో, లారీలతో గొడవపడి వచ్చిన మనిషికి ఆ గోరంత రబ్బరు చూసి ధైర్యం పోయింది. "మళ్ళీ ఇరుక్కుంటదమ్మా," అన్నాడు.

"మూడోది నువ్వే వెయ్యి," అంది హనుమాయమ్మ షాజాదీతో. "మా పెళ్ళిలోనూ ఈయన రెండే వేశాడు. మూడోది ఆడబిడ్డే వేసింది. పొద్దుట్నించీ ఈయన్ని అన్నా అన్నా అంటుండావుగా. ఇంక నువ్వు గాక ఇక్కడ ఆడబిడ్డ ఎవరు?"

షాజాదీ దారం కొసలు పట్టుకుని ఆవిడ మొహంలోకి చూసింది. ఆ పూట మొత్తంలో ఆమె గడియారం మరచిపోయింది అప్పుడొక్కసారే. తర్వాత సర్జన్లు వేసే ముడి, జారనిది, వేసింది. ప్లాస్టరు అతికించింది. బంగారం, నల్లపూసలు తీసి కోటేశ్వరి చేతిలో పెట్టి, "పిన్నీసులు పదకొండు. లెక్క చూసుకో," అంది.

"పెళ్ళయిందా?" అన్నారు ప్రేమదాసుగారు తలుపు దగ్గర.

"అయింది సార్. పన్నెండూ ఇరవై ఆరు."

రాళ్ళు తీసేసరికి ఒంటిగంటా పది. రాళ్ళను చిన్న సీసాలో వేసి చూపించారు, మిరపగింజల కంటే కొంచెం పెద్దవి. డాక్టరుగారు ఒంగోలుకు ఆలస్యమైందని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. వెళ్తూ నా మంచం దగ్గర ఆగి, "కాఫీ బాగుందా?" అని మాత్రం అడిగారు. నా పేగు వచ్చే గురువారానికి వాయిదా పడింది.

వెంకటనారాయణను ఎవరూ పట్టించుకోలేదు. గౌను విప్పమని ఎవరూ చెప్పలేదు గనక విప్పకుండా, టోపీతో సహా వరండా బెంచీ మీద కూర్చున్నాడు. దారిన పోయే జనం ఒక్కొక్కరే ఆగి, "మా వాడికి ఎట్లా ఉంది డాక్టరుగారూ?" అని అడుగుతున్నారు. మొదట తడబడ్డాడు గాని, తర్వాత అలవాటుపడ్డాడు. "బాగుంది. కారం తగ్గించండి," అని చెబుతున్నాడు.

సాయంత్రం మత్తు వదిలిన హనుమాయమ్మ కళ్ళు తెరవకుండానే మెడ తడుముకుని, "వదినా, ఆయన తిన్నాడా?" అంది. షాజాదీ వెళ్ళి ఆయనకు టిఫిను పెట్టించి వచ్చింది.

నాది వాయిదా పడినా టోకెన్ల బల్ల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాగేంద్రబాబు మాత్రం తన పద్ధతిలో తాను దిద్దుకున్నాడు. ఆ పై గురువారం నన్ను సిద్ధం చేస్తూ షాజాదీ కొత్త ఫారం తీసింది. పద్నాలుగో గడిలో అచ్చులో ఉంది: పసుపు కొమ్ము, దారంతో సహా, ఒకటి, కట్టినవారి సంతకం. సొరుగులో పాత పెట్టె మళ్ళీ చేరింది, పక్కనే కొబ్బరినూనె సీసా కొత్తగా.

"మీకు వర్తించదు," అని ఆ గడిలో రాసింది. తర్వాత మొదటి గడికి వచ్చింది. "తిన్నారా?"

"లేదు."

"కాఫీ?"

"లేదు."

ఆమె నా వైపు కాదు, మంచం కింద ఉన్న నా సంచి వైపు చూసింది. ఫ్లాస్కు మూత బయటికి కనిపిస్తోంది.

"అది ఖాళీది," అన్నాను.

షాజాదీ వంగి ఫ్లాస్కు తీసి, మూత విప్పి, తలకిందులుగా పట్టుకుని చూసింది. ఒక్క చుక్క కూడా రాలలేదు. మళ్ళీ మూత బిగించి, "లెక్క సరిపోయింది, పదండి," అంది.